జీడి చేతులు

నాకు కారు కావాలి. ఎందుకని ఎవరైనా అడిగితే మూడు కారణాలు చెబుతాను. డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి పనికొస్తుందని ఒకటి, అమ్మ మోకాళ్ళ నొప్పులకి ఆస్పత్రికి తిప్పొచ్చని ఒకటి, అద్దెకి తిప్పితే నాలుగు డబ్బులొస్తాయని ఒకటి. మూడూ అబద్ధాలే. అసలు సంగతేమిటంటే, మూడేళ్ళుగా నేను రోజూ తెల్లారగట్ల మందస రోడ్డులో మా ఊరి నుంచి పలాస దాకా పదహారు మంది ఆడవాళ్ళతో ఒకే ఆటోలో వెళ్తున్నాను. డ్రైవరు పక్కన అంచు మీద సగం లోపల, సగం బయట. దారి పొడుగునా ఎవరో ఒకరు ఎక్కుతూనే ఉంటారు. ఎక్కిన ప్రతి మనిషీ నాతో అనే మాట ఒకటే: "గుంటా, ఇంకాస్త జరుగు." ఎక్కడికి జరగను? రోడ్డు మీదికా? సొంత కారులో నన్ను ఎవరూ జరగమనరు. అంతకు మించి పెద్ద కారణం నా దగ్గర లేదు.

నా పేరు జెస్సీ. టెక్కలిలో డిగ్రీ మూడో సంవత్సరం. పొద్దున్న అయిదు నుంచి ఎనిమిది దాకా పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీలో కటింగు. అక్కణ్ణుంచి బస్సెక్కి కాలేజీకి. సాయంత్రం తిరిగొచ్చి ఒక డ్రైవింగ్ స్కూల్లో రెండు గంటలు అప్లికేషన్లు నింపడం. అక్కడ మొదటి మూడు నెలలు జీతం వద్దని, బదులుగా డ్రైవింగ్ నేర్చుకున్నాను. ముహూర్తాలున్న ఆదివారాలు పెళ్ళిళ్ళలో కేటరింగ్ పని. ఆరాధన ఎగ్గొట్టినప్పుడల్లా మా పాస్టరుగారు ప్రార్థనలో నా పేరు పెట్టి మరీ నన్ను క్షమించమని దేవుణ్ణి అడిగేవారు. ఊరందరూ ఆమెన్ అనేవారు.

ఇంట్లో అమ్మ దయమ్మ, నాన్న లూకా, నేను. అమ్మ ఇరవై ఏళ్ళుగా అదే ఫ్యాక్టరీలో కటింగు చేస్తోంది. నాన్న పాడతాడు. మా ప్రార్థన గుడిలో ఆయన గొంతెత్తితే పక్క వీధి వాళ్ళు కూడా ఆగి వింటారు. ఆయనలో గొంతొక్కటే బాగుంటుంది. తాగుడికి మా మేకల్ని అమ్మేశాడు, అమ్మ కమ్మలు అమ్మేశాడు, నాకు బళ్ళో ఇచ్చిన సైకిల్ని కూడా అమ్మేశాడు. అమ్మిన ప్రతిసారీ వారం రోజులు మాతో చాలా ప్రేమగా ఉంటాడు. ఆయన ప్రేమగా ఉన్నాడంటే ఇంట్లో ఏం పోయిందా అని నేను వెతుక్కుంటాను.

కారు జనార్దనరావు మాస్టారిది. తెల్ల ఆల్టో. ఆయన టెక్కలిలో ఉంటారు, రిటైరయ్యారు. షుగరు వల్ల చూపు తగ్గి బండి తీయడం మానేశారు. అమ్మకానికని మా డ్రైవింగ్ స్కూలుకి వచ్చినప్పుడు నేనే బండిని ఒక చుట్టు తిప్పి చూపించాను. దిగేసరికి ఆ స్టీరింగు నాదే అనిపించింది. లక్షా పది వేలు చెప్పారు. నా దగ్గర పద్దెనిమిది వేలు తక్కువ.

"వచ్చే నెల పదో తారీఖు దాకా నీకోసం ఉంచుతానమ్మా," అన్నారాయన. "ఆ తర్వాత హరిబాబుకి ఇచ్చేస్తాను. అతను ఇంకో పదివేలు ఎక్కువే ఇస్తానంటున్నాడు."

హరిబాబు పాత బళ్ళ బ్రోకరు. పలాసలో ఏ ఇంటి ముందు ఏ బండి ఎన్నాళ్ళుగా కదలకుండా ఉందో అతనికి తెలుసు. పదో తారీఖు అనగానే నా గుండెలో ఒక గడియారం మొదలైంది. తిన్నా, పడుకున్నా, పరీక్ష రాస్తున్నా అది ఆగలేదు.

అందుకని కటింగు పెంచాను. సెలవు రోజుల్లో పగలంతా కూర్చున్నాను. జీడి కటింగంటే తెలియని వాళ్ళకి చెప్పాలి. ఉడకబెట్టిన జీడి పిక్కని ఎడం చేత్తో చిన్న చేతిమిషనుకున్న రెండు కత్తుల మధ్య పెట్టి, కుడి చేత్తో పిడిని నొక్కితే పైచిప్ప రెండుగా విచ్చుకుంటుంది. లోపలి పప్పు విరక్కుండా తీయాలి. ఆ చిప్పలో సొన ఉంటుంది, నల్లగా, జిడ్డుగా. అది చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకే ఆడవాళ్ళందరూ చేతులకి ఆముదం పట్టించి, బూడిద అద్దుకుని కూర్చుంటారు. ఆముదం రాసుకుంటే పిక్క జారుతుంది. పిక్క జారితే కిలోలు తగ్గుతాయి, కిలోల లెక్కన వచ్చే కూలీ తగ్గుతుంది. నేను ఆముదం మానేశాను.

నా పక్క మిషను మీద కూర్చునే అప్పలనరసమ్మ పిన్ని రెండో రోజే కనిపెట్టింది.

"ఒలే జెస్సీ, ఆవుదం రాసుకోవే. జీడి సొన డబ్బులడగదు, తోలడుగుతాది."

"అయిదు వారాలే కదా పిన్నీ. తరవాత రాసుకుంతాను."

"తరవాత దేనికి రాసుకుంతావు?" అంది తను.

అంతటితో ఆగితే బాగుండేది. కాలేజీలో నా నల్లటి వేళ్ళు కనిపించకుండా రోజూ బస్టాండు కుళాయి దగ్గర బ్లీచింగ్ పౌడరేసి రుద్దేదాన్ని. నలుపు పోయేది, దాంతోపాటు పొరలు పొరలుగా తోలూ పోయేది. వేళ్ళు గులాబీ రంగులో నున్నగా మెరిసేవి. మా క్లాసులో ప్రమోదిని అనే అమ్మాయి ఒకసారి నా చెయ్యి పట్టుకుని, ఎంత మెత్తగా ఉన్నాయే నీ వేళ్ళు, అంది. నేను సంతోషించాను కూడా. నా అంత తెలివితక్కువది ఇంకొకతె ఉండదు.

తొమ్మిదో తారీఖు నాటికి డబ్బు సరిపోయింది. మాస్టారూ నేనూ కాశీబుగ్గలో ఆన్‌లైన్ పనులు చేసే సెంటరుకి వెళ్ళాం. బండి పేరు మారాలంటే అమ్మిన మనిషి, కొన్న మనిషి ఇద్దరూ ఆధార్ మిషను మీద వేలు పెట్టాలి. సెంటరు నడిపే శ్యాంసుందర్ మా డ్రైవింగ్ స్కూలు ద్వారా నాకు తెలిసినవాడే. మాస్టారి వేలు ఒక్కసారికే పడింది. తర్వాత నేను బొటనవేలు పెట్టాను. ఎర్ర లైటు వెలిగింది.

"కాస్త నొక్కి పెట్టమ్మా," అన్నాడు శ్యాంసుందర్.

నొక్కి పెట్టాను. ఎర్రదే. చేతులు కడుక్కుని రమ్మన్నాడు. వచ్చాను. చున్నీకి తుడుచుకుని మళ్ళీ పెట్టాను. చూపుడువేలు, మధ్యవేలు, ఎడం చెయ్యి. పది వేళ్ళలో ఒక్కటీ పడలేదు. వెనక క్యూలో ఉన్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు.

శ్యాంసుందర్ నా చెయ్యి వెలుతురులోకి తిప్పి చూశాడు. "గీతల్లేవమ్మా నీకు. మొత్తం అరిగిపోయాయి. మూడు వారాలు జీడి ముట్టుకోకుండా ఉంటే మళ్ళీ వస్తాయి."

"కంటి మిషను లేదా?"

"పాడైంది. ఎప్పుడొస్తుందో తెలీదు. ఇంట్లో ఇంకెవరి పేరునైనా పెట్టుకోండి. రేపటిదాకా సమయముంది కదా."

మాస్టారు గడియారం చూసుకున్నారు. హరిబాబుకి పది సాయంత్రానికి మాటిచ్చానని మాత్రం చెప్పారు.

ఇంటికి వచ్చి అమ్మకి చెప్పాను. "నీ పేరున పెడదామమ్మా. రేపు నువ్వొచ్చి వేలు పెట్టు, చాలు."

అమ్మ బియ్యం కడుగుతోంది. కడుగుతూనే, "నాది పడదమ్మా," అంది.

"ఎందుకు పడదు?"

"నాకు ముద్దర్లెక్కడున్నాయి? నువ్వు తొమ్మిది సదివేటప్పుడే పోనాయి."

నేను అమ్మ చెయ్యి నీళ్ళలోంచి తీసి చూశాను. బొటనవేలి మీద ఒక్క గీత లేదు. నేను పుట్టినప్పటి నుంచి ఆ చెయ్యి నాకు అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది. ఒక్కరోజూ తిప్పి చూడలేదు.

"మరి నాకు సెప్పనేదేటమ్మా? రేషనెలాగ తెత్తన్నారు?"

"మీ నాన్న ఎల్తన్నాడు కదా. బియ్యమొత్తన్నాయి కదా. సెప్పడానికేటుంది?"

రేషనుకి వెళ్ళడం నాన్న చేసే ఒకే ఒక్క పని. ఆ ఒక్క పనీ బద్ధకం లేకుండా చేస్తాడని నేను వెక్కిరించేదాన్ని కూడా. వెళ్ళక తప్పదు కాబట్టి వెళ్తున్నాడని నాకిప్పుడు తెలిసింది. మా ఇంట్లో మిషను గుర్తుపట్టే వేలు ఆయనదొక్కటే. పని చెయ్యని చెయ్యి కదా, చెక్కు చెదరలేదు.

అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒకటే. ఆయన పేరున బండి ఉంటే అది ఆయనది. కాగితం ఎవరిదో బండి వాళ్ళదే. మూడేళ్ళ నా కష్టం ఒక సాయంత్రం ఎవడో పాత బళ్ళ వాడి చేతిలో పడి, వారం రోజుల ప్రేమగా ఇంటికి తిరిగొస్తుంది.

"ఏటి సేద్దాం?" అంది అమ్మ.

"ఇంకేటి సేత్తాం? లేపోతే బండే ఉండదు."

మర్నాడు పొద్దున్నే నాన్నని తీసుకెళ్ళాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆటోలో ఉత్సాహంగా ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నాకు ఆ గొంతు మీద మొదటిసారి అసహ్యం వేసింది. సెంటర్లో శ్యాంసుందర్ కాగితాలు సిద్ధం చేసి, కొనేవారి పేరు బల్ల రామన్న కొడుకు బల్ల లూకా అని టైపు చేసి, మిషను ఆయన వైపు జరిపాడు. మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు.

నాన్న బొటనవేలు మిషను దాకా తీసుకెళ్ళాడు. అక్కడ ఆపాడు. కూనిరాగం ఆగిపోయింది.

"ఒద్దు బాబూ," అన్నాడు శ్యాంసుందర్‌తో. "నా పేరు తీసీ."

నాకు అర్థం కాలేదు. "నాన్నా, వేలెట్టు. హరిబాబు సాయంత్రం వొచ్చెత్తాడు."

"ఒద్దమ్మా జెస్సీ. నా సంగతి నాకు తెలుసు. మొదటి నెల మంచోడిలాగుంతాను. రొండో నెల ఎవడో వొచ్చి నీ బండి బాగుంది లూకా, ఎంతకిత్తావు అంతాడు. నాను ఆగలేను. ఇన్నాళ్ళూ ఆగగలిగానా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. క్యూలో మనుషులున్నారని కూడా చూడలేదు. "అక్కర్లేనప్పుడల్లా చెయ్యి చాపావు. మేకలప్పుడు చాపావు, కమ్మలప్పుడు చాపావు. జీవితంలో ఒక్కసారి నీ చెయ్యి నాకు కావలసొచ్చింది, ఇప్పుడు లాక్కుంటన్నావా?"

"అందికే లాక్కుంటన్నాను," అన్నాడు. తల దించుకోలేదు, నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో నాకు తెలిసిన నాన్న లేడు.

తర్వాత మాస్టారి ముందుకెళ్ళి నిలబడ్డాడు. చిన్నప్పుడు మందస బళ్ళో ఆయన దగ్గరే చదువుకున్నాడు, లేదా చదువుకోలేదు. "మాస్టారూ, మూడు వారాలాగండి. దాని వేళ్ళొచ్చెత్తాయి. దాని పేరునే రాయించుకుంతాది."

"జీడి పని మానేస్తేనే కదరా వచ్చేది? అది మానేస్తే మీరేం తింటారు? ఫ్యాక్టరీలో దాని మిషను ఎవరికో ఇచ్చేస్తారు."

మాస్టారు అన్నది నిజమే. మా ఫ్యాక్టరీలో మిషను మనిషిది కాదు, ఇంటిది. మనిషికి ఒంట్లో బాగోకపోతే ఆ ఇంట్లో ఇంకొకరు వచ్చి కూర్చోవాలి. మూడు రోజులు ఖాళీగా ఉంటే వేరే ఇంటికి పోతుంది. బయట కాచుకుని ఉన్నవాళ్ళు చాలామంది.

"దాని మిషను మీద నాను కూకుంతాను," అన్నాడు నాన్న.

శ్యాంసుందర్ నవ్వాడు. మగవాళ్ళు బస్తాలు మోస్తారు, బాయిలర్ దగ్గర ఉంటారు. కటింగులో ఆడవాళ్ళ మధ్య పీట మీద కూర్చున్న మగవాణ్ణి పలాసలో నేను చూడలేదు. మాస్టారు మాత్రం నవ్వలేదు. నాన్న వైపు, సరిగా ఆనని ఆ కళ్ళతో చూశారు.

"ఒరే లూకా, ముప్పై అయిదేళ్ళలో నువ్వు చెప్పిన మాటలన్నీ నాకు గుర్తున్నాయి. ఒక్కటీ నిలబడలేదు." లేచి కర్ర తీసుకున్నారు. "మూడు వారాలు. ముప్పై ఒకటో తారీఖు ఉదయం. ఆ రోజు కూడా పడకపోతే హరిబాబుకే."

ఆ మూడు వారాలు నేను ఎలా బతికానో నాకే తెలుసు. కాలేజీలో, బస్సులో, ఎక్కడ కూర్చున్నా బొటనవేలు తిప్పి చూసుకోవడమే పని. మొదటి వారం ఏమీ లేదు. నున్నగా అలాగే ఉంది. రాత్రి అమ్మ కొబ్బరినూనె రాసేది. కేటరింగులో గిన్నెలు ముట్టుకోకుండా వడ్డన మాత్రం అడిగి చేశాను. చీపురు పట్టుకోవాలన్నా భయమే. హరిబాబు డ్రైవింగ్ స్కూలు ముందు బండి ఆపి పలకరించేవాడు: "ఏటి సెల్లీ, వేలొచ్చిందా? తొందరేం లేదులే. నేను ఆల్టోకి సీటు కవర్లు కూడా కొనుక్కున్నాను." అతను వెళ్ళాక మళ్ళీ వేలు తిప్పి చూసుకునేదాన్ని.

దానికంటే పెద్ద భయం నాన్న. మొదటి రోజు ఆయన లుంగీ కట్టుకుని పీట మీద కూర్చోగానే కటింగు షెడ్డంతా గొల్లుమన్నారట. "లూకా బావా, పూలెట్టుకు రాలేదేటి?" అని ఎవరో అడిగారట. అమ్మ సిగ్గుతో తలెత్తలేదట. నాన్న ఏమీ అనకుండా పిడి పట్టుకున్నాడట. పని మాత్రం రాలేదు. కత్తి ఎక్కడ దిగాలో తెలియక పిక్కని నలగ్గొట్టేవాడు. పప్పు ముక్కలయ్యేది, సొన చింది చేతుల మీదే పడేది. ఎంత ఆముదం రాస్తే ఏం లాభం? నేను మూడు గంటల్లో చేసేది ఆయన ఆరు గంటలు కూర్చున్నా చెయ్యలేకపోయేవాడు.

నాలుగో రోజు మానేస్తాడనుకున్నాను. మానలేదు. రెండో శనివారం కూలి చేతికి రాగానే తాగాడు. ఆదివారం గుడికి రాలేదు. ఇక అయిపోయిందనుకున్నాను. నేనే వెళ్ళి మళ్ళీ మిషను మీద కూర్చుందామా, కూర్చుంటే వచ్చిన నాలుగు గీతలూ పోతాయా అని ఆదివారం అర్ధరాత్రి దాటేదాకా నిద్రపోలేదు. సోమవారం లేచి చూస్తే నాన్న మంచం ఖాళీగా ఉంది. ఆటోని అందుకోలేక మా ఊరి నుంచి కాశీబుగ్గ దాకా నడిచే వెళ్ళాడు. గంట ఆలస్యమైంది. అప్పలనరసమ్మ పిన్ని ఆ పీట మీద తన తువ్వాలు వేసి, వస్తాడు వస్తాడని మేస్త్రీకి చెబుతూ, ఆ పూటకి ఇంకొకర్ని కూర్చోబెట్టకుండా ఆపిందట. ఈ సంగతి నాకు అమ్మ చెప్పింది. ఆ రాత్రి ఆయనకి అన్నం నేనే వడ్డించాను. ఆయన చేతులు కంచం దగ్గరికి తేవడానికి సంకోచించాడు. స్పూను అడిగాడు. మా ఇంట్లో స్పూనుతో అన్నం తినడం అదే మొదటిసారి.

ఇంట్లో పని చెయ్యని చేతులు ఇప్పుడు నావి. అది నాకు చాలా కష్టంగా ఉండేది.

ముప్పై ఒకటో తారీఖు ఉదయం నాన్న కూడా వస్తానన్నాడు. పొద్దుటి పని ముగించుకుని నేరుగా సెంటరుకి వచ్చాడు, చేతులు తువ్వాల్లో చుట్టుకుని. మాస్టారు వచ్చారు. హరిబాబు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, బండి తీసుకుపోవడానికి. శ్యాంసుందర్ మిషను అద్దం తుడిచి నా వైపు తిప్పాడు.

బొటనవేలు పెట్టాను. ఎర్రది.

హరిబాబు దగ్గాడు. శ్యాంసుందర్, కంగారు పడకమ్మా, వేలు కాస్త పక్కకి వాల్చు, అన్నాడు. వాల్చాను. కళ్ళు మూసుకున్నాను. దేవుణ్ణి కారడగడం తప్పో ఒప్పో నాకు తెలీదు, అడిగాను.

"పడింది," అన్నాడు శ్యాంసుందర్.

పచ్చ లైటు వెలుగుతోంది. పక్కన నా పేరు, బల్ల జెస్సీ. మాస్టారు తాళం చెవులు నా చేతిలో పెట్టారు. హరిబాబు, సీటు కవర్లు కావాలంటే కొన్న రేటుకే ఇస్తాను సెల్లీ, అని చెప్పి వెళ్ళిపోయాడు. కుర్చీలో కూర్చుండిపోయాను.

శ్యాంసుందర్ అదే ఆధార్ నంబరుతో మా రేషను కార్డు కూడా తెరిచి చూస్తున్నాడు. "మీ రేషను కార్డులో వేలిముద్రల ఈకేవైసీ ఎవరిదీ అవలేదమ్మా. మీ నాన్నగారు ఎలాగూ వచ్చారు కదా, ఆయనది కూడా వేసేద్దాం."

నాన్న తువ్వాలు విప్పాడు. అప్పుడు చూశాను ఆ చేతుల్ని పూర్తిగా. నల్లగా, పగిలి, గోళ్ళ చుట్టూ తోలు లేచిపోయి ఉన్నాయి. బొటనవేలు పెట్టాడు. ఎర్ర లైటు. ఇంకో వేలు. ఎర్రదే. శ్యాంసుందర్ అన్నీ పెట్టించాడు.

"మీరేం పని చేస్తారండి?" అని అడిగాడు, ఎందుకు పడలేదో రాయడానికి.

ఈ ప్రశ్న మా నాన్నని ఇదివరకు చాలామంది అడిగారు. బళ్ళో నన్ను చేర్పించినప్పుడు అడిగారు, స్కాలర్‌షిప్పు కాగితాల దగ్గర అడిగారు. ప్రతిసారీ ఆయన నవ్వేసేవాడు, నేను నేల చూసేదాన్ని.

"జీడి కటింగండి," అన్నాడు.

"అయితే మీరు కూడా మూడు వారాలు పని మానేసి రావాలి."

"కుదర్దు బాబూ," అన్నాడు నాన్న, చేతులు మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుంటూ. "నాను మానేత్తే మిషనెవులికో ఇచ్చెత్తారు."